స్కూల్ అడ్మిషన్స్ ఉద్యోగంలో మొదటి రోజు: మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు (కాకినాడ)

అందరికీ నమస్కారం. ఇవాళే ఒక ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూల్లో అడ్మిషన్స్ డెస్క్‌లో చేరాను. ఇంతకుముందు ఒక ఆఫీసులో చిట్టీల కౌంటర్ చూసేదాన్ని కాబట్టి మనుషులతో మాట్లాడటం కొత్త కాదు. కానీ ఇక్కడికి వచ్చేవాళ్ల తీరు వేరు. చిట్టీ కట్టడానికి వచ్చినవాళ్లు తొందరలో ఉండేవాళ్లు. ఇక్కడికి వచ్చేవాళ్లు బెరుకుగా ఉంటున్నారు. మంచి చీర కట్టుకుని, పిల్లాడికి తల దువ్వి, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు.

పొద్దున్నే సీనియర్ మేడమ్ అప్లికేషన్ల కట్ట, ఫీజుల షీటు, బస్సు రూట్ల కాగితం ఇచ్చి చదువుకోమన్నారు. అది సగం చదివేలోపే సోఫాలు నిండిపోయాయి. ముందు సిలబస్ గురించి అడుగుతారనుకున్నాను. ఒక్కరూ అడగలేదు. ఇక్కడ చేర్పిస్తే తల్లికి వందనం వస్తుందా, బస్సు మా వీధి మొగ దాకా వస్తుందా, అన్నదమ్ములిద్దరినీ వేస్తే ఎంత తగ్గిస్తారు, ఇవీ ప్రశ్నలు.

మధ్యాహ్నం ఒక అమ్మమ్మ గారు మనవరాల్ని ఒకటో తరగతికి తీసుకొచ్చారు. పాప తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిందట. జనన ధ్రువీకరణ పత్రం ఎక్కడుందో ఆవిడకి తెలియదు. మా మేడమ్ మర్యాదగానే "అది తెచ్చుకుని రండమ్మా" అన్నారు. ఆవిడ మారు మాట్లాడకుండా లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం మనసు అక్కడే ఉండిపోయింది. ఇలాంటప్పుడు ఏం చెప్పాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు మీ మొదటి రోజు ఎలా గడిచిందో కూడా రాస్తే నాకు దారి తెలుస్తుంది.

విశ్రాంత_హెచ్ఎం (తెనాలి)

అమ్మా, ముందు మీ ప్రశ్నకి జవాబు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 14వ సెక్షన్ చదవండి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదు. జనన ధ్రువీకరణ పత్రం లేకపోతే ఆస్పత్రి రికార్డు గానీ, ఏఎన్ఎం రిజిస్టర్ గానీ, అంగన్‌వాడీ రికార్డు గానీ తీసుకోవచ్చు. అవీ లేకపోతే తల్లిదండ్రులో సంరక్షకులో వయసు ఇంత అని రాసిచ్చే డిక్లరేషన్ సరిపోతుంది.

ఆ పాప అంగన్‌వాడీకి వెళ్లి ఉంటే అక్కడ పుట్టినతేదీ రాసి ఉంటుంది. మీ ఎంక్వైరీ రిజిస్టర్‌లో అమ్మమ్మ గారి ఫోన్ నంబర్ ఉంటుంది కదా, రేపు పొద్దున్నే చేసి చెప్పండి. "తెచ్చుకుని రండి" అంటే మన దృష్టిలో వాయిదా. అవతలివాళ్లకి అది "లేదు" అన్నట్టే వినిపిస్తుంది, మళ్లీ రారు. నా సర్వీసులో అలా వెళ్లి తిరిగిరాని వాళ్లని చాలామందిని చూశాను.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలు ప్రవేశంలో పుట్టినతేదీకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. ఆ పిల్లలు ఇప్పుడిప్పుడే నర్సరీ వయసుకి వస్తున్నారు. కాబట్టి పత్రం తీయించుకోమని చెప్పడం మంచిదే. ఏడాది దాటాక కొత్తగా నమోదు చేయించాలంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, దానికి టైం పడుతుంది. అది తిరిగేవాళ్లు తిరుగుతారు, పాప మాత్రం బడిలో కూర్చోవాలి.

మానేరు_బిడ్డ (కరీంనగర్)

అక్కా, మీకు సోఫా, డెస్కు ఉన్నయ్. నాకు మొదటి రోజు కుర్చీ సుత చూపియ్యలే. ఏప్రిల్ ఎండల బ్రోషర్ల సంచి చేతిల పెట్టి, ఈ కాలనీ నీది అన్నరు. పీఆర్‌ఓ అని కార్డు ఇచ్చిన్రు. ఇన్ని అడ్మిషన్లు తేవాలె అని టార్గెట్ చెప్పిన్రు.

పొద్దుగాల మొదటి ఇంటికాడ గేటు తియ్యలే. రెండో ఇంట్ల తాత ఒకాయన మంచినీళ్లు ఇచ్చి కూసోమన్నడు. ఆయన మనవడు వేరే బడిల మూడు చదువుతున్నడు. "బడి మార్చుడెందుకు బిడ్డా, వానికి దోస్తులు కుదిరిన్రు, ఆ సారుకు వీని సంగతి తెలుసు" అన్నడు. నేనేం అనలే. నిజమే కదా! మంచిగ చదువుకుంటున్న పోరణ్ని నా టార్గెట్ కోసం ఎందుకు మార్పియ్యాలె? ఆ దినం నుంచే ఒక నియమం పెట్టుకున్న. బడి మార్చాల్నని వాళ్లే అనుకుంటేనే మాట్లాడుత.

సాయంత్రం ఉత్త చేతుల్తోని వచ్చిన. మా ఇన్‌చార్జ్ సారు గట్టిగనే అన్నడు. గని ఆ తాతనే వారం దినాలకు ఫోన్ చేసి, వాళ్ల బంధువుల పిల్లల్ని తోలుకొచ్చిండు.

ఫీజు సంగతి కూడ చెప్త. అడ్మిషన్ ఫీజు, టర్మ్ ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫారం మొత్తం కలిపి ఒక్క కాగితం మీద రాసియ్యుండ్రి. ముందల తక్కువ చెప్పి జూన్‌ల పుస్తకాల లెక్క తీస్తే, తల్లిదండ్రులు మిమ్మల్నే అడుగుతరు, మేనేజ్‌మెంట్‌ను కాదు.

అనంత_రికార్డు (అనంతపురం జిల్లా)

నాది జిల్లా పరిషత్ హైస్కూల్. మా నాయన సర్వీసులో ఉండగానే పోతే కారుణ్య నియామకంలో జూనియర్ అసిస్టెంట్‌గా వచ్చినాను. అడ్మిషన్లంటే మా దగ్గర ప్రచారం ఉండదు, రిజిస్టర్ ఉంటుంది.

మొదటి రోజు హెడ్మాస్టర్ గారు బీరువా తాళాలిచ్చి పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూడమన్నారు. అట్టలు ఊడిపోయి, గుడ్డ సంచుల్లో కట్టిపెట్టినారు. అప్పుడే ఒక పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చినాడు. ఈ బడిలోనే చదివినాడంట, పుట్టినతేదీ ఎక్స్‌ట్రాక్ట్ కావాల. పెన్షన్ పనికి ఆధార్‌లో తేదీ కుదరలేదు. ఏ సంవత్సరం చేరినాడో గుర్తు లేదు, తన క్లాసులో ఎవరెవరు ఉండేవాళ్లో మాత్రం పేర్లతో సహా చెప్పినాడు. ఆ పేర్లు పట్టుకునే వెతికినాం. సాయంత్రానికి దొరికింది. నీలం సిరా కొద్దిగా పాకింది కానీ అక్షరాలు తెలుస్తున్నాయి: పేరు, తండ్రి పేరు, వృత్తి సేద్యం, తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, చివర రెండు పుట్టుమచ్చలు. ఆయన చొక్కా చేయి పైకెత్తి మోచేతి కింద మచ్చ చూపించినాడు. అది ఇంకా ఉంది.

అప్పట్లో ఎవరో గుమాస్తా కుదురుగా రాసినాడు కాబట్టే అంత కాలం తర్వాత ఈ మనిషికి పని జరిగింది. గోదారిగట్టు గారూ, మీరు రేపు రాసే ప్రతి వరుసా ఇట్లాంటిదే. పుట్టుమచ్చలు అడిగేటప్పుడు "ఏదో ఒకటి రాసేయండి" అంటారు తల్లిదండ్రులు. రాయొద్దండి, చూసి రాయండి. ఆడపిల్లలకైతే చేతి మీదో ముఖం మీదో ఉన్నది చెప్పమనండి. పదో తరగతి మెమో మీదకు అవే పోతాయి.

గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలు. విశ్రాంత_హెచ్ఎం గారూ, మీరు చెప్పినట్టే పొద్దున అమ్మమ్మ గారికి ఫోన్ చేశాను. ముందుగా మా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి అంగన్‌వాడీ రికార్డు తీసుకుంటామా అని అడిగాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, డిక్లరేషన్ కూడా రాయించుకుని చేర్చుకోమన్నారు. సీనియర్ మేడమ్ కూడా ఏమీ అనుకోలేదు. "నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు" అన్నారు. పాప సోమవారం నుంచి వస్తుంది. వాళ్లమ్మ కువైట్ నుంచి వీడియో కాల్ చేసి క్లాసు రూము చూపించమంది. చూపించాను.

ఇప్పుడు ఇంకో అనుమానం. పేర్ల విషయం. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, జనన పత్రంలో ఇంకోటి. శ్రీకి ఒకచోట ఎస్‌ఆర్‌ఐ, ఇంకోచోట ఎస్‌ఆర్‌ఈఈ. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక, మరోదాంట్లో పొడి అక్షరమే. ఏది ఎక్కించాలి?

అనంత_రికార్డు

జనన పత్రం ఉంటే రిజిస్టర్లో దాని ప్రకారమే. ఆధార్ వేరుగా ఉంటే చేరే రోజే తల్లిదండ్రులకు చెప్పి ఆధార్ సరిచేయించుకోమనండి. తర్వాత చూద్దాం అంటే ఆగిపోయే పని ఇదే. కేంద్రం వాళ్ల స్కూళ్ల వివరాల పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పిల్లాడి పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్ ఉంటుంది, దాని మీద అపార్ ఐడీ (పిల్లాడి చదువు రికార్డులన్నీ ఒకచోట ఉంచే నంబర్) చేయాల. పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలవకపోతే అపార్ రాదు. తొమ్మిదిలోనో పదిలోనో నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడు తల్లిదండ్రులు పరిగెత్తుకుంటూ వస్తారు. అప్పటికి చేతులు దాటిపోయి ఉంటుంది.

నేను చేసేది ఒకటి చెప్తా. ఫారంలో పేరు నింపినాక తండ్రి చేతికో తల్లి చేతికో ఇచ్చి, ఒక్కో అక్షరం బయటికి చదవమంటా. చదువు రాని వాళ్లయితే నేనే చదివి వినిపిస్తా, తర్వాత జనన పత్రం పక్కన పెట్టి వాళ్ల ముందరే ఒక్కో అక్షరం సరిచూస్తా. రెండు నిమిషాల పని.

విశ్రాంత_హెచ్ఎం

దానికి ఒక ముక్క చేరుస్తాను. ఆధార్ లేదని పిల్లల్ని వెనక్కి పంపకండి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో స్కూలు ప్రవేశానికి అది తప్పనిసరి కాదని స్పష్టంగా చెప్పింది. ఉంటే తీసుకోండి, లేకపోతే తర్వాత చేయించండి.

నర్సరీ_నేస్తం (విజయవాడ)

నాది అడ్మిషన్ కౌన్సెలర్ ఉద్యోగం. మొదటి రోజే నన్ను "ఇంటరాక్షన్" గదిలో కూర్చోబెట్టారు. ఒకటో తరగతికి వచ్చిన పిల్లల్ని టీచర్ ప్రశ్నలు అడుగుతారు, నేను షీటులో టిక్కులు పెట్టాలి. ఒక బాబు ఎంత అడిగినా నోరు విప్పలేదు. వాళ్లమ్మ టేబుల్ కింద నుంచి గిల్లుతూ "చెప్పు నాన్నా, నిన్న చెప్పావుగా" అంటోంది. ఆవిడ కళ్లలో నీళ్లు. బాబు కంటే ఆవిడే ఎక్కువ భయపడుతోంది.

నేను టీచర్‌ని అడిగి, బాబు ముందు క్రేయాన్లు, తెల్ల కాగితం పెట్టి వదిలేశాను. వాళ్లమ్మతో మాట్లాడాను, ఇంట్లో ఎవరెవరున్నారు, బాబు ఏం తింటాడు, ఎప్పుడు నిద్రపోతాడు అని. కాసేపటికి వాడే నా దగ్గరికి వచ్చి తను గీసిన ట్రాక్టర్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. టైర్ల గురించి, ట్రాలీ గురించి, వాళ్ల తాత ఎక్కించుకోవడం గురించి ఆపకుండా చెప్పాడు. ఆ షీటులో ట్రాక్టర్‌కి గడి లేదు. అసలు ఈ ఇంటరాక్షన్ అవసరమా అని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను.

విశ్రాంత_హెచ్ఎం

అవసరం సంగతి తర్వాత, ఒకటో తరగతికి అది చట్టవిరుద్ధం. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశం కోసం బిడ్డకి గానీ, తల్లిదండ్రులకి గానీ ఏ రకమైన పరీక్షా పెట్టకూడదు. మొదటిసారి 25 వేల వరకు, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల వరకు జరిమానా. క్యాపిటేషన్ ఫీజు (చెప్పిన ఫీజు కాక సీటు కోసం అదనంగా తీసుకునే డబ్బు) తీసుకుంటే తీసుకున్నదానికి పది రెట్ల దాకా. "ఇంటరాక్షన్" అని పేరు మార్చినంత మాత్రాన పని మారదు. మైనారిటీ విద్యాసంస్థలకి ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, వాటి సంగతి వేరు.

సెక్షన్_బి (గుంటూరు)

నేను ప్రైవేటు స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్‌ని. సర్, మీరు చెప్పిన చట్టం సరే. కానీ ఐదో తరగతికి వచ్చిన పిల్లాడికి రెండో తరగతి లెక్కలు రాకపోతే, ఆ సంగతి ముందే తెలియకుండా క్లాసులో ఎలా కూర్చోబెడతాం? ఇబ్బంది పడేది వాడే కదా.

విశ్రాంత_హెచ్ఎం

తెలుసుకోండి, తప్పేం లేదు. చేర్చుకున్నాక తెలుసుకోండి. రిజిస్టర్‌లో పేరు ఎక్కాక, మొదటి వారంలో, తోటి పిల్లలతో కలిపి ఎవరికి ఎంతవరకు వచ్చో చూసే ఒక బేస్‌లైన్ పరీక్ష పెట్టండి. అప్పుడు అది వాడికి ఎలా నేర్పాలో చెప్పే పరీక్ష అవుతుంది. ముందే పెడితే వాడిని తీసుకోవాలా వద్దా అని తేల్చే పరీక్ష అవుతుంది. ప్రశ్నలు అవే ఉండొచ్చు, పిల్లాడి గుండె కొట్టుకునే తీరు వేరు.

సెక్షన్_బి

ఇది ఒప్పుకుంటాను. మా కమిటీ ముందు పెడతాను.

ఫ్రిస్కో_అమ్మ (టెక్సస్)

చదువుతుంటే చాలా బాగుంది. నేను ఇక్కడ ఒక ఎలిమెంటరీ స్కూల్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇక్కడ అడ్మిషన్లు చూసేవాళ్లని రిజిస్ట్రార్ అంటారు. పబ్లిక్ స్కూల్లో ఫీజు ఉండదు, సీటు లేదనే మాటా ఉండదు. ఆ హద్దుల్లో ఇల్లు ఉందని చూపించాలి: ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లాంటివి. సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్.

నేను చేరిన రోజున మా మేనేజర్ నేర్పిన మొదటి విషయం, వీసా కాగితాలు అడగకూడదని. 1982లో ప్లైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు ఇచ్చింది. కేసు మొదలైంది ఈ టెక్సస్‌లోనే, టైలర్ అనే ఊళ్లో. తల్లిదండ్రులు ఎలా వచ్చారన్నదానితో బిడ్డ చదువుకి సంబంధం లేదు.

ఆ రోజు సాయంత్రమే హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన జంట వచ్చారు. వాళ్ల పాపకి మన దగ్గర ప్రభుత్వం వేసే టీకాలన్నీ పడ్డాయి. కానీ ఇక్కడ అడిగే చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఏ మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేవు. వాళ్లు కంగారుపడిపోయారు. నేను తెలుగులో మాట్లాడేసరికి ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. అక్కడి నుంచి వచ్చేవాళ్లకి నా సలహా: బయల్దేరే ముందే ఆ టీకాలు వేయించి, తేదీలతో డాక్టర్ సంతకం పెట్టించుకోండి.

ఇంకోటి. "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు" అని ఇక్కడ ఒక ఫారం ఉంటుంది. తెలుగు అని రాస్తే పాపని ఇంగ్లిష్ పరీక్షకి పంపుతారని భయపడి చాలామంది మనవాళ్లు ఇంగ్లిష్ అని రాస్తారు. ఆ పరీక్ష పాపకి సాయం కావాలా అని చూడటానికే. ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగనే రాయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండు గడుల్లోనూ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ఒకే గడిలో మొత్తం ఉంటే వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. అటెండెన్స్ తీసేటప్పుడు టీచర్ పిల్లాడిని అదే పేరుతో పిలవడం నేను విన్నాను. వెంటనే క్లాసుకి వెళ్లి అసలు పేరు పలికి చెప్పి వచ్చాను.

మానేరు_బిడ్డ

ఇది చదివి పెయ్యి జలదరించింది అక్కా. పేరు లేకుండ పిలిపించుకునుడు ఏ పిల్లగానికీ వద్దు.

కొత్తగా_చేరా (మంచిర్యాల)

నేను ఇవాళే సభ్యుడినయ్యాను. మాది ప్రైవేటు స్కూలే, రేపటి నుంచి నేను ఆఫీసులో కూర్చోవాలి. మా పక్కింటి వాళ్ల అబ్బాయి ఆరో తరగతి అయిపోయింది. ఫీజు బకాయి ఉందని వాళ్ల స్కూలు టీసీ ఇవ్వట్లేదు. గవర్నమెంట్ బడిలో వేద్దామనుకుంటున్నారు. టీసీ లేకుండా కుదురుతుందా? రేపు నా దగ్గరికి ఇలాంటివాళ్లు వచ్చినా ఏం చెప్పాలో తెలియాలి. స్టడీ సర్టిఫికెట్లు కూడా అందరూ ఎందుకు అడుగుతారు?

బడిబాట_టీచర్ (పెద్దపల్లి జిల్లా)

తమ్మీ, కుదురుతది. చట్టంల 5వ సెక్షన్: పిల్లగాడు ప్రభుత్వ బడికి గని ఎయిడెడ్ బడికి గని మారుతా అంటే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండ ఉండొద్దు. టీసీ వెంటనే ఇయ్యకపోతే ఆ హెడ్మాస్టర్ మీద చర్య తీసుకోవచ్చు. బకాయి సంగతి పెద్దోళ్లు పెద్దోళ్లు మాట్లాడుకోవాలె.

స్టడీ సర్టిఫికెట్ ఎందుకంటే లోకల్ (స్థానికత) కోసం. మన తెలంగాణల 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7 తరగతులల్ల ఎక్కువ ఏండ్లు ఏ జిల్లాల చదివితే ఆ జిల్లాకు లోకల్. రేపు ఉద్యోగం అప్లికేషన్ కాడ ఇదే అడుగుతరు. గందుకే ఏ పిల్లగాడు బడి మారినా, ఎన్నడు చేరిండు, ఎన్నడు పోయిండు అనేది తేదీలతో సహా పక్కాగ రాయాలె.

నా మొదటి రోజు గుర్తొస్తున్నది. నేను టీచర్‌నే గని, జూన్‌ల బడిబాట (పిల్లల్ని సర్కారు బడిల చేర్పిచ్చే కార్యక్రమం) అప్పుడు అడ్మిషన్ల పని నాకే ఇచ్చిన్రు. మా దిక్కు ఇటుక బట్టీలు ఎక్కువ, ఒడిశా నుంచి కుటుంబాలు వస్తయి. సీజన్ అయిపోయినా ఒక కుటుంబం ఊరికి పోలే. బట్టీ కాడ పదేండ్ల పిల్ల చెల్లెను ఎత్తుకొని నిలబడ్డది, ఎన్నడు బడికి పోలే. మా సీనియర్ సారు ఒకటిల వేద్దామన్నడు. పదేండ్ల పిల్లను ఆరేండ్లోళ్ల నడుమ కూసోబెడితే రెండో దినం వస్తదా? 4వ సెక్షన్ చూపెట్టిన. వయసుకు తగ్గ తరగతిల చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇయ్యాలని ఉన్నది. ఐదుల చేర్చుకున్నం. అంగన్‌వాడీ మా ఆవరణలనే ఉన్నది, చెల్లెను అండ్ల కూసోబెట్టినం. అట్ల చేయకపోతే ఆ పిల్ల వచ్చేది కాదు. అడ్మిషన్ ఫారంల చెల్లె గడి ఉండదు. మనమే అడగాలె, ఇంటికాడ చిన్నోళ్లు ఎవరున్నరు, వాళ్లను ఎవరు చూస్తున్నరు అని.

మీ పక్కింటాయనకు చెప్పు తమ్మీ, రేపు పొద్దుగాల తొమ్మిదింటికి మీ ఊరి హైస్కూల్‌కు పిల్లగాన్ని తీస్కపొమ్మను. పాత బడి ప్రోగ్రెస్ కార్డు ఉంటే పట్టుకొమ్మను, అండ్ల పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్ ఉంటే ఇంక మంచిది, యూడైస్‌ల వెతుకుడు అల్కగ అయితది. ఏదీ దొరకకున్నా పొమ్మను. అక్కడ ఎవరన్న ఆపితే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకొమ్మను.

కొత్తగా_చేరా

ఇప్పుడే వాళ్లింటికి వెళ్లి చెప్పొచ్చాను అన్నా. ప్రోగ్రెస్ కార్డు దొరికింది, నంబర్ కూడా ఉంది. పొద్దున ఆఫీసుకి వెళ్లే ముందు వాళ్లతో నేనూ వెళ్తున్నా.